నూలుమిల్లులో నా గురువు హుసేనమ్మ

మొన్న ఆదివారం పొద్దున్నే గుంతకల్లు నుంచి హుసేనమ్మ కూతురు ముంతాజ్ ఫోన్ చేసింది. "అక్కా, మాయమ్మ పోయింది" అన్న తర్వాత ఆమె ఏడుపు తప్ప నాకేమీ వినిపించలేదు. హుసేనమ్మ ఊపిరితిత్తుల వ్యాధితో ఏడాదిగా మంచాన ఉన్నదని తెలిసి కూడా, ఆ వార్తను స్వీకరించడానికి హృదయం నిరాకరించింది. నాకు విద్య నేర్పిన ఆచార్యులు చాలామంది ఉన్నారు. నన్ను ఇంజనీరును చేసింది మాత్రం తన పేరు కూడా కూడబలుక్కుని రాసే ఈ కార్మికురాలు.

తొంభైల చివర్లో నేను అనంతపురంలో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతూ, ప్రాజెక్టు పని కోసం ఆ ప్రాంతపు నూలుమిల్లు ఒకదానికి వెళ్లాను. వందలాది కండెలు ఒక్కసారిగా తిరిగే ఆ శాలలో మొదటిరోజు హోరుకు తల తిరిగి గోడకు ఆనుకున్నాను. వెంట్రుకల నిండా, కనుబొమల నిండా దూది పేరుకున్న ఒకామె దగ్గరికి వచ్చింది. చేతిలోని దూదిని రెండు వత్తులుగా నలిపి ఇచ్చింది.

"చెవుల్లో పెట్టుకో పాపా. ల్యాకుంటే సాయంత్రానికి మీయమ్మ పిల్చినా ఇనపడదు."

ఆమే హుసేనమ్మ. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా పనిచేసిన భర్త చిన్నవయసులోనే పోతే, పసిబిడ్డ ముంతాజ్‌ను పెంచుకోవడానికి మిల్లులో చేరింది. తెగిన దారాన్ని ఆమె అతికించే తీరు చూడవలసిందే. వేళ్లు కదిలినట్టే ఉండేది కాదు, దారం మాత్రం కలిసిపోయేది. నేను హాస్టల్ అన్నం తెచ్చుకుంటే పక్కకు నెట్టి, జొన్నరొట్టెలో చెనక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టి ఇచ్చేది.

రెండు వారాలపాటు స్టాప్‌వాచీ పట్టుకుని దారాలు ఎప్పుడు, ఎక్కడ తెగుతున్నాయో రాసుకున్నాను. మధ్యాహ్నం షిఫ్టులో, పడమటి వైపు యంత్రాల మీద, దారాలు తెగడం విపరీతంగా కనిపించింది. అక్కడ పనిచేసేది ముగ్గురు స్త్రీలు. "కార్మికుల నైపుణ్యలోపం" అని నివేదికలో రాసి మేనేజరుకు ఇచ్చాను. ఆయన మెచ్చుకున్నాడు. ఆ శనివారం తర్వాత ముగ్గురూ పనిలోకి రానవసరం లేదన్నాడు. మెచ్చుకోలు విన్న సంబరంలో రెండో మాట నా చెవికెక్కలేదు.

మరునాడు మధ్యాహ్నం షిఫ్టుకు ముందు హుసేనమ్మ నా ఎదుట నిలబడింది. కోపం లేదు, కళ్లలో బాధ ఉంది.

"ఏం పాపా, దారం తెగతాండేది రాసినావు. ఎందుకు తెగతాండాదో యాడ రాసినావు?"

నా చెయ్యి పట్టుకుని మిల్లు వెనకున్న గదికి తీసుకుపోయింది. శాలలోని గాలికి తేమనిచ్చే యంత్రాలు అక్కడ ఉంటాయి. నీళ్లు చిమ్మే గొట్టాలు ఎండి ఉన్నాయి. ఆపరేటరు తలవంచుకుని చెప్పాడు: "బోర్లు ఎండిపోయినాయి కదమ్మా. మిల్లు కాలనీకి తాగే నీళ్లన్నా మిగలాలని మధ్యాన్నం ఆపేస్తాండాము."

తేమ లేని గాలిలో పత్తి పెళుసుబారుతుంది. పడమటి గోడ ఎండకు కాగిపోతుంది. పుస్తకంలో చదివిన పాఠమే, పరీక్షలో రాసిన జవాబే. ఆ గది తలుపు నేనెన్నడూ తెరవలేదు.

"మిషన్ అబద్ధం చెప్పదు పాపా. మనమే సగం ఇని పోతాము" అన్నది హుసేనమ్మ.

మేనేజరు గదికి ఒంటరిగానే వెళ్లాను. నా నివేదిక తప్పని, గాలిలో తేమ లేకే దారాలు తెగుతున్నాయని చెప్పాను.

"నిన్న ఒక మాట, ఈ పొద్దు ఒక మాటనా? ఇట్లయితే మీ కాలేజీకి ఏమని రాసేది?" అన్నాడాయన.

"నాదే తప్పని రాయండి సార్. వాళ్లను మాత్రం తీసెయ్యొద్దు."

ఆయన లేచి నా వెంట ఆ గదికి వచ్చాడు. ఎండలు తగ్గేదాకా సన్న నూలు మాని, సులువుగా తెగని లావు నూలు తీశారు. తేమ యంత్రాలకని నీళ్ల ట్యాంకరు తెప్పించారు. ముగ్గురూ పనిలోనే ఉన్నారు.

నేడు ఒక పెద్ద కర్మాగారంలో ఉత్పత్తి బాధ్యత నాది. ఎక్కడ ఏది ఆగినా, అక్కడున్న మనిషిని నిందించే ముందు, ఆ పనికి గాలీ నీరూ కరెంటూ వచ్చే దారులన్నీ నడిచి చూస్తాను. నా కింద పనిచేసే యువ ఇంజనీర్లు దానికేవో పెద్ద పేర్లు చెబుతారు. నాకు తెలిసిన పేరు హుసేనమ్మ.

నేను గుంతకల్లు చేరేసరికి ఖననం అయిపోయింది. ముంతాజ్ నా పక్కన కూర్చుని, "నువ్వు పెద్ద ఉద్యోగంలో ఉండావని మాయమ్మ ఎవురికీ చెప్పుకోల్యాదక్కా" అన్నది. "సదువుకున్న పాప, పెద్దసారు ముందర నిలబడి నాదే తప్పు అనిందని మాత్రం ఇంటికొచ్చినోళ్లకంతా చెప్పేది."

అప్పుడు ఏడ్చాను. నా డిగ్రీ, నా హోదా, నేను సాధించాననుకున్నవేవీ ఆమె లెక్కలోకి రాలేదు. నా జీవితంలో సిగ్గుతో దాచుకున్న ఒకే ఒక్క రోజును ఆమె ఇన్నేళ్లూ గర్వంగా మోసింది. అలా నన్ను చూసిన కళ్లు ఇక లేవు. ఆ తల్లి పాదాలకు, ఆలస్యంగా వచ్చిన ఈ శిష్యురాలి నమస్కారం.