మా అత్త లెక్కపెట్టించిన డేగలు

నా చిన్నప్పుడు, కార్తీకమాసం దగ్గరపడుతుంటే సముద్రం ఒడ్డునున్న మా యారాడ కొండ మీదుగా డేగలు దక్షిణానికి పోయేవి. ఇప్పుడు కుర్రకారు మెడలో బైనాక్యులర్లు వేసుకొని వాటిని లెక్కపెట్టడానికే అక్కడికి వస్తున్నారు. ఏది ఏ దేశం నుంచి వస్తుందో కూడా చెబుతారు. నేను మాత్రం వాటిని చూస్తే ఈ వయసులోనూ సముద్రానికి వీపు తిప్పేస్తాను.

ఒక ఏడు ఆ రోజుల్లోనే మా నాన్న, మా మేనత్త భర్త ఒకే తెప్ప మీద చేపల వేటకు వెళ్ళారు. ఆ సాయంత్రమే గాలి తిరిగింది. రాత్రంతా కుండపోత. తెల్లారేసరికి మిగతా తెప్పలన్నీ ఎలాగో ఒడ్డుకు చేరాయి, మా వాళ్ళది తప్ప. అమ్మ అప్పుడు పచ్చి బాలింత. గాలికి భయపడి వాళ్ళు హార్బరులోనే ఆగిపోయారని అందరూ కలిసి ఆవిడకు అబద్ధం చెప్పారు. నేను గుమ్మం పట్టుకొని లోపలికీ బయటికీ చూస్తున్నాను. నాన్న ఏడీ అన్న మాట నా నోట వస్తే చాలు, అమ్మకు తెలిసిపోతుంది. అది కనిపెట్టింది అత్తే. పుల్లలు ఏరుకొద్దామని చెప్పి, నా రెక్క పట్టుకొని కొండ మీదికి తీసుకుపోయింది.

వాన వెలిసినా గాలి తగ్గలేదు. పైనుంచి చూస్తే సముద్రం బురదరంగులో ఉంది. ఎక్కడా తెరచాప లేదు. దూరంగా ఏదైనా నల్లగా తేలితే నాన్నేనేమో అనిపించి కళ్ళు మూసుకునేదాన్ని. మూసుకుంటే ఇంకా ఘోరంగా కనిపించేది. నా ఒళ్ళు చల్లబడిపోతుంటే అత్త నన్ను సముద్రానికి వీపు పెట్టి కూర్చోబెట్టింది. తను నా వీపుకు వీపు ఆనించి అటు తిరిగి కూర్చుంది.

"ఒలే కోడలా, ఆ డేగల్ని లెక్కెట్టు. ఇటు సూడకు. సముద్రాన్ని నాను సూత్తాను."

"గద్దల్ని కూడానా అత్తా?"

"గద్దలు మనూరివే, సేపల కోసం ఇక్కడిక్కడే తిరుగుతాయి. అవొద్దు. తిన్నగా ఎల్లిపోయినవే లెక్క."

ఉత్తరం వైపు మబ్బుల్లోంచి ఒకటి వచ్చింది. దాని వెనక మూడు. గాలి తోసేస్తుంటే రెక్కలు ముడుచుకొని కిందికి జారి, మళ్ళీ దారిలో పడి మా తలల మీదుగా దాటిపోయేవి. ఒక్కోసారి గుంపు వచ్చి లెక్క తప్పేది. మొదటికి వచ్చేదాన్ని. గుండె దడ తగ్గలేదు కానీ, ఊపిరి ఆడింది.

అంతలో అత్త వీపు ఒక్కసారి బిగుసుకుపోయింది. తర్వాత వణకడం మొదలైంది. ఆ వణుకు నా వీపులోకి వచ్చేసింది. వెనక్కి తిరగబోయాను.

"తిరక్కు!" అని అరిచింది.

"ఏటి కనిపించింది అత్తా?"

"ఏటీ లేదు. ఎన్నయ్యాయో సెప్పు."

ఆ గొంతు మా అత్తది కాదు. అబద్ధమని నాకు తెలిసిపోయింది. అయినా తిరగలేదు. లెక్క చెప్పాను. ఆపై వచ్చిన ప్రతి డేగనూ గట్టిగా, పైకే లెక్కపెట్టాను. నేను ఆగితే చాలు, "ఊఁ, తర్వాత?" అనేది. ఆ లెక్క నాకెంత కావాలో ఆవిడకూ అంతే కావాలని అప్పుడు అర్థమైంది.

మధ్యాహ్నం దాటాక మా ఊరతను ఒకడు కేకలేస్తూ కొండెక్కి వచ్చాడు. తెప్ప విరిగిపోయిందట. మిగిలిన దుంగల్ని పట్టుకొని ఇద్దరూ దక్షిణాన పూడిమడక ఊరి దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చారట. ప్రాణాలతోనే ఉన్నారట. అంతసేపూ కన్నీటి చుక్క రాల్చని అత్త అక్కడే నేల మీద పడి, గుండెలు బాదుకొని ఏడ్చింది.

ఆ రోజు తను ఏం చూసిందో నా పెళ్ళయ్యాక చెప్పింది. ఎర్రరంగు పూసిన మా తెప్ప దుంగ ఒకటి కింద రాళ్ళకు కొట్టుకుంటూ కనిపించిందట. భర్త, తమ్ముడు ఇద్దరూ పోయారనే అనుకుందట. అనుకొని కూడా, నన్ను అటు తిరగనివ్వకుండా, ఎన్నయ్యాయని అడుగుతూ కూర్చుంది.

భయపడుతున్న మనిషితో "ఏం కాదులే" అనడం నాకు ఇప్పటికీ చేతకాదు. ఏమవుతుందో నాకు మాత్రం ఏం తెలుసు? చేతికి ఏదో చిన్న పని ఇస్తాను. వాళ్ళు చూడలేని వైపుకు తిరిగి నేను కూర్చుంటాను.