నష్టపోయేవాడి మాట

కాండక్టు సర్టిఫికెట్ల మీద నాకు మొదటినుంచీ గురి లేదు. నడవడిక బాగాలేదని రాసిన సర్టిఫికెట్టును నేను బుద్ధెరిగాక చూడలేదు. అందరి నడవడికా అంత బాగుంటే ఈ లోకం ఇలా ఎందుకుంది?

తొంభైల చివర్లో టెక్కలిలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. కొత్తవాళ్ళను తీసుకునేటప్పుడు బడి యజమాని నన్నూ పక్కన కూర్చోబెట్టుకునేవాడు. వచ్చినవాళ్ళందరూ ఎవరో ఒక పెద్దమనిషి చేత మెప్పు రాయించుకునే వచ్చేవారు. జీడిపప్పు వ్యాపారీ, సర్పంచీ, రిటైరైన తాసీల్దారూ, అందరిదీ ఒకటే స్తోత్రం. విచారించకుండా నమ్మడాన్ని భజన అనాలని నేను యజమానితో తగువు పడేవాణ్ణి.

ఆ ఏడు లెక్కల పోస్టుకు పూండి దగ్గరి పల్లె నుంచి ఒకమ్మాయి వచ్చింది. బాప్టిస్టు కుటుంబం. తండ్రి జీడితోటల్లో కూలిపని చేసి చేసి మంచాన పడ్డాడు. ఆమెకు ఉద్యోగం దొరక్కపోతే ఆ ఇల్లు గడవదు. పాఠం చక్కగా చెప్పింది. తన గురించి తెలుసుకోవాలంటే తమ సంఘం పాస్టరు గారిని అడగమంది. యజమాని అక్కర్లేదన్నాడు గాని నేను ఊరుకోలేదు. కబురు పెట్టి, ఆదివారం మధ్యాహ్నం పూండిలో బస్సు దిగి ఆ పల్లెకు నడిచాను. హేతువాదిగా వేదికల మీద పాస్టర్లతో వాదులాడినవాణ్ణి. మరో స్తోత్రం వినడానికి పోతున్నాననే అనుకున్నాను.

పాస్టరు చర్చి వరండాలో చాప వేసి, కొబ్బరి బోండాం కొట్టించి ఇచ్చాడు. అమ్మాయి సంగతి మెల్లగా బయటికొచ్చింది. పదో తరగతి తప్పిన పిల్లల కోసం ఆయన ప్రార్థన పెడితే, ఆమె అందరి ముందూ లేచి, ప్రార్థనతో లెక్కలు వస్తాయా అని నిలదీసిందట. ఆయన కోపంతో కొన్నాళ్ళు మాట్లాడలేదట. ఆమె మాత్రం ఆ వరండాలోనే పిల్లల్ని పోగేసి రోజూ సాయంత్రం లెక్కలు చెప్పడం మొదలుపెట్టిందట.

“మంచిది కాదని నానొక్క మాటంటే మీరు తీసుకోరు. ఆ పిల్ల మా కాడే ఉండిపోద్ది,” అన్నాడు. “మీరొత్తారని తెలిసినకాడ్నుంచి అదే బుర్రలో తిరుగుతంది మాస్టారూ. ఎల్లిపోతే మా పిల్లలకి సెప్పేవోల్లు లేరు. మరా ఇల్లెలా గడుత్తాది? తీసుకోండి. బాగా సెప్తాది.”

సాయంత్రం బస్సుకే టెక్కలి తిరిగొచ్చాను.

సోమవారం యజమానికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చెవికి ఎక్కింది నిలదీసిన ముక్క ఒక్కటే.

“పాస్టర్నే అడిగీసిన పిల్ల, రేపు మనల్ని అడక్కుండా ఒగ్గేత్తాదేటి మాస్టారూ?”

పొగిడి లాభపడేవాడి మాట నమ్మకపోతే పోయారు గాని, నిజం చెప్పి నష్టపోతున్నవాడి మాట కూడా నమ్మకపోతే ఇంకెవరిని నమ్ముతారని గట్టిగానే అడిగాను. ఆయన కాసేపు గొణిగి, ఆ అమ్మాయినే పిలిపించాడు. ఇక్కడా అలాగే ప్రశ్నలేస్తావా అన్నాడు.

“తెలకపోతే అడుగుతానండి,” అంది. “అడగొద్దంటే ఇప్పుడే సెప్పీండి, ఎల్లిపోతాను.”

యజమాని నా వైపు చూశాడు.

“తొమ్మిదో తరగతి ఎవుల మాటా ఇనదు,” అన్నాడు చివరికి. “రేపట్నుంచి ఆల్లని నువ్వే సూసుకో.”

పాఠాలు ఎంతవరకూ అయ్యాయని ఆమె అడిగింది. ఆయనకు తెలియదు.