పొగ కారు కేసు, మెట్ల మీద బేరం

అమీర్‌పేట చౌరస్తాలో మెట్రో స్తంభాలు ఒక్కొక్కటే లేస్తూ, బస్సులన్నీ దుమ్ములో ఈదుతున్న ఆ కాలంలో, బేరమాడితే తగ్గనిదంటూ ఈ లోకంలో ఏదీ లేదని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. తప్పు నాది కాదు, పెంపకానిది. మాది స్టీలు సామాన్ల దుకాణం. రోడ్డుకి కాస్త ఎత్తులో ఉండేది, ఎక్కడానికి షాబాద్ రాళ్ల మెట్లు. బాపు వ్యాపార శాస్త్రమంతా ఆ మెట్ల మీదే నడిచేది. గిరాకీ ధర విని మొహం చిట్లిస్తే పలకకూడదు, చెప్పులేసుకున్నా పలకకూడదు, మెట్టు దిగినప్పుడు మాత్రం వెనక్కి పిలవాలి. "మెట్టు దిగేదాక అసలు ధర బయటికి రాదు బిడ్డా" అనేవాడు. మేం కొనుక్కోవడానికి వేరే చోటికి పోయినా ఇదే విద్య. (ఒకసారి పళ్ల డాక్టరు దగ్గర కూడా దిగాం. ఆయన పిలవలేదు. బాపు ఆ వారమంతా లవంగం బుగ్గన పెట్టుకుని గల్లా మీద కూర్చున్నాడు.)

మా చిన్నబాపు, అంటే బాపు తమ్ముడు, దుకాణానికి పనికిరాడని ఇంట్లో ఎప్పుడో తేల్చేశారు. కారణం ఒక్కటే, ఆయనకి అబద్ధం రాదు. అందుకని ఒక తెల్ల డీజిలు కారు కొనుక్కుని, అమీర్‌పేట హాస్టళ్లలో ఉండే పిల్లల్ని స్టేషనుకీ ఎయిర్‌పోర్టుకీ తిప్పేవాడు. పిల్లలు లేని మనిషి, ఆ కారుని రోజూ పొద్దున్నే సొంత బిడ్డకి స్నానం చేయించినట్టు తుడిచేవాడు. పంజాగుట్టలో పొగ పరీక్ష చేసే వ్యాను ముందు ఆగితే అది ఎంత బుద్ధిగా ఉండేదో చెప్పలేను. తనిఖీకి పెద్దసారు వచ్చిన రోజున చేతులు కట్టుకుని నిలబడే బడిపిల్లాడే. కాగితం చేతికొచ్చి ఫ్లైఓవరు ఎక్కగానే వెనకాల స్కూటరు వాళ్లంతా ముక్కులు మూసుకునేవాళ్లు. చిన్నబాపు ఇది తన చేతి తప్పేమోనని గేర్లు ఇంకా మెల్లగా మార్చేవాడు.

ఇంతలో పేపర్లో పడింది. చిన్నబాపు కారు తయారుచేసిన కంపెనీ వాళ్లు కార్లలో ఏదో కిటుకు పెట్టారట. పరీక్ష జరిగేటప్పుడు మాత్రమే పొగ తగ్గుతుందట, రోడ్డెక్కితే మామూలేనట. వార్త నేను చదివి వినిపించాను. చిన్నబాపు తుడుస్తున్న గుడ్డ భుజాన వేసుకుని కారు వైపు తిరిగాడు.

"గిన్ని దినాల సంది నేను తుడ్సి తుడ్సి పెట్టుకున్నది అబద్ధాన్నా సేటూ?" అన్నాడు. (నన్ను సేటు అని పిలిచేది ఆయనొక్కడే. నా బేరాల మీద ఆయనకున్న గౌరవం అది.)

ఆ బాధకి మందు నేనే కనిపెట్టాను. అమీర్‌పేటలో, కోచింగు సెంటర్ల బోర్డులతో గోడ కనపడని ఒక బిల్డింగు పైఅంతస్తులో ఒక ఏజెన్సీ ఉంది. ఆ కంపెనీ కార్లున్న వాళ్లందరినీ పోగుచేసి, లాయర్లని పెట్టి, ఒకే కేసు నడుపుతారు. గెలిస్తేనే ఫీజు, ఓడితే పైసా ఇవ్వక్కర్లేదు. అక్కడ టై కట్టుకున్న ఒక కోస్తా పెద్దమనిషి ఉండేవాడు. మేం టై సారు అనేవాళ్లం. మంచి మర్యాదస్తుడు, మంచినీళ్లిచ్చి మరీ మాట్లాడాడు. గెలిచిన దాంట్లో వందకి ముప్పై మాది అన్నాడు. ఆ తర్వాత, స్పష్టంగా, మా ఇద్దరి మొహాలూ చూస్తూ ఈ మాట కూడా అన్నాడు:

"మధ్యలో మాత్రం వదిలెయ్యకూడదండి. కారు అమ్మేసినా వదిలేసినట్టే. అప్పుడు అప్పటిదాకా అయిన ఖర్చుల్లో మీ వాటా మీరే కట్టుకోవాలి."

"అవన్నీ ఉండనీ సార్, ముందు గీ ముప్పై సంగతి చెప్పుండ్రి" అన్నాను నేను.

పదిహేను అన్నాను. ఆయన నవ్వాడు. లేచాను. చిన్నబాపు చెయ్యి పట్టుకుని మెట్ల దాకా వచ్చి, ఒక మెట్టు దిగాను. "సార్, రండి, రండి" అని వెనక నుంచి వినిపించింది. ఇరవైకి ఖాయమైంది. కింద ఇరానీ హోటల్లో చిన్నబాపు నాకు చాయ్‌తో పాటు ఉస్మానియా బిస్కెట్లు కూడా ఇప్పించి, కనపడిన డ్రైవరుకల్లా నా ప్రతాపం చెప్పాడు. ఎన్నడూ రాని డబ్బులో పదో వంతు మిగిల్చిన మొనగాణ్ణి నేను.

కేసు నడుస్తూనే ఉంది. మెట్రో పట్టాలు పడ్డాయి, రైళ్లొచ్చాయి, కేసు మాత్రం ఇంకా మొదటి స్టేషన్లోనే ఉంది. ఆలోపల చిన్నబాపుకి గుండె దగ్గర పట్టేసింది. డాక్టరు స్టెంటు వేసి, ఇక స్టీరింగు పట్టొద్దన్నాడు. ఆయన పెద్దగా దిగులు పడలేదు. హాస్టళ్ల సందులో ఒక చిన్న షట్టరు గది అద్దెకుంది. కారు అమ్మి, ఒక జిరాక్సు మిషను కొని, కోచింగు పిల్లలకి మెటీరియలు తీసిస్తూ కూర్చుంటానన్నాడు. "కూసోని చేసే పని. మల్ల గా పోరలే వస్తరు, అంకుల్ అంటరు" అన్నాడు. యూసుఫ్‌గూడలో కర్రీ పాయింటు నడిపే ఆయన కారు చూసుకుని, తీసుకుంటానని మాట కూడా ఇచ్చాడు.

ఇద్దరం మళ్లీ ఆ పైఅంతస్తుకి పోయాం. లిఫ్టు ముందు పిల్లల వరుస వీధి దాకా ఉంది, మెట్లే ఎక్కాం. చిన్నబాపు ప్రతి అంతస్తులోనూ ఆగి, అక్కడి కోచింగు బోర్డులు శ్రద్ధగా చదివినట్టు నటించాడు. టై సారు అదే మర్యాదతో నీళ్లిచ్చి, అమ్మితే ఖర్చుల వాటా కట్టాలండి, ముందే మనవి చేశాను కదా అన్నాడు. ఎంత అవుతుందంటే ఇప్పుడే చెప్పలేమన్నాడు. ధర చెప్పని దుకాణం నేను పుట్టాక అదే చూడటం. తగ్గించమన్నాను. ఆయన నవ్వలేదు. నేను లేచాను. చిన్నబాపు చెయ్యి పట్టుకుని మెట్ల దాకా వచ్చి, ఒక మెట్టు దిగాను.

ఇంకో మెట్టు దిగాను. మలుపులో ఆగి చెప్పు పట్టీ సర్దుకున్నాను. పిల్లలు సంచులు తగిలించుకుని మమ్మల్ని రాసుకుంటూ ఎక్కుతున్నారు, దిగుతున్నారు. చిన్నబాపు రెయిలింగు పట్టుకుని ఊపిరి తీసుకుంటున్నాడు. పిలుస్తాడు జర ఆగు అన్నాను. ఆగాడు పాపం. రెండో చెప్పు పట్టీ కూడా సర్దుకున్నాను.

"వాళ్లు పిల్వరు సేటూ" అన్నాడు చివరికి, నా భుజం మీద చెయ్యి వేసి. "అప్పుడు మనం గిరాకీ. ఇప్పుడు సరుకు."

ఎంతో తెలియని ఖర్చుకి భయపడి కారు అమ్మలేదు. కర్రీ పాయింటాయన ఇంకో కారు కొనుక్కున్నాడు. షట్టరులో ఎవరో మొబైలు కవర్ల దుకాణం పెట్టారు. కారు పంజాగుట్ట వెనక మా సందులో గోడవారగా నిలబడింది. బ్యాటరీ చచ్చిపోకుండా సాయంత్రం పూట చిన్నబాపు అందులో కూర్చుని ఇంజను వేసేవాడు. వాన లేకపోయినా వైపర్లు ఒకసారి తిప్పేవాడు. పొగకి పక్కింటావిడ కిటికీ వేసుకునేది, ఈయన కారులోంచే దణ్ణం పెట్టేవాడు.

పగలు ఊరికే ఉండలేక మా దుకాణానికి వచ్చేవాడు. బాపు ఒక స్టూలు వేసి, మెట్టు దిగే గిరాకీని పిలిచే పని అప్పగించాడు. అంత దారుణంగా ఆ పని చేసినవాళ్లు మా వంశంలో లేరు. గిరాకీ మెట్లు ఎక్కుతుండగానే "అమ్మా, గా గిన్నె అసలు ధర ఇదమ్మా, ఆయన ఎక్కువ చెప్తడు" అని బాపుని చూపించేవాడు. బాపు తల పట్టుకునేవాడు. "అరే, దిగనియ్యి రా వాళ్లని" అని బతిమాలేవాడు. "పాపం, ఎక్కొచ్చిన్రు కదనే, మల్ల దిగుడెందుకు?" అనేవాడు చిన్నబాపు. ఆయన అన్నది గిరాకీల మోకాళ్ల గురించే అని నేనప్పుడు అనుకున్నాను.

ఒక వానాకాలం పొద్దున ఆయన లేవలేదు. ఆ రోజు కారుని ఎవరూ తుడవలేదు, వానే కడిగింది.

కేసు ఆ తర్వాత తేలింది. టై సారు స్వయంగా ఫోను చేశాడు. ఓడిపోయామండి, క్షమించాలి, మీరు మాత్రం రూపాయి కూడా కట్టనక్కర్లేదు అన్నాడు. మొదటి రోజు ఏం చెప్పాడో అదే. ఎక్కడా మాట తప్పలేదు. కనీసం మోసగాడైనా అయ్యుంటే తిట్టుకుంటూ బతికేవాణ్ణి, ఆ సుఖం కూడా లేకుండా చేశాడు. పాత ఇనుము కొనేవాడు వచ్చి కారుకి ఒక ధర అన్నాడు. అలవాటుకొద్దీ నేను నోరు తెరవబోతే చిన్నబాపు భార్య, మా చిన్నమ్మ, నా చెయ్యి పట్టుకుని, "వద్దు బిడ్డా, దాన్ని పోనియ్యి" అంది. అప్పటిదాకా నా జీవితంలో నేను బేరమాడకుండా తేల్చిన లెక్క అదొక్కటే.

ఇప్పుడు గల్లా మీద నేనే కూర్చుంటున్నాను. మొన్న హాస్టలు అమ్మాయి ఒకతి టిఫిను డబ్బా ధర విని మొహం చిట్లించింది. ఇంకా చెప్పులు కూడా వేసుకోలేదు, నాకు తెలియకుండానే పిలిచేసి అసలు ధర చెప్పేశాను. లోపల కూర్చున్న బాపు, "నీకు సుత వాని గాలి తగిలింది రా" అని గొణిగాడు.

ఆ అమ్మాయి డబ్బా సంచిలో పెట్టుకుంటూ, "గీ మాట ముందే చెప్పొచ్చు కదన్నా" అంది.

చిల్లర లెక్కపెట్టి చేతిలో పెట్టాను. ముందే చెప్పినా వినని సేటు ఒకడు ఉండేవాడమ్మా, వాడికి ముప్పై ఇరవై కావడమే ముఖ్యం అని ఆ పిల్లకేం చెప్పను?