అక్క సైకిలు, నేను వేసిన రోడ్డు

మొన్న సాయంత్రం నడకకు వెళ్లినప్పుడు హన్మకొండలో సుబేదారి దగ్గర నలుగురు కూలీలు రోడ్డు పక్కన పొడవుగా గీసిన తెల్లగీతకు ఇవతల వంగి, రేకులో కోసిన అచ్చు పెట్టి, తెల్లరంగుతో సైకిలు బొమ్మ వేస్తున్నారు. ఇకమీదట ఆ గీతకు ఇవతల సైకిళ్లే పోవాలట. రంగు ఆరీ ఆరకముందే ఒకాయన ఆ బొమ్మ మీదే కారు నిలిపి మందుల దుకాణంలోకి వెళ్లాడు. నవ్వుకొని ముందుకు పోవలసినవాణ్ణి అక్కడే ఆగిపోయాను. ఆగి ఊరుకోక చెప్పు విడిచి, పక్కనున్న నేలకన్నా తారు ఎంత ఎత్తుందోనని దాని అంచును పాదంతో తడిమాను. కూలీ ఒకడు నన్ను చూసి, "ఏమన్న పడిపోయిందా పెద్దాయనా, గట్ల దేవులాడుతానవ్?" అన్నాడు. ఏమీ లేదన్నాను గానీ, ఇంటికి వచ్చాక కూడా కాలు ఒకచోట నిలవలేదు.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, డెబ్బైలలో కాజీపేట నుంచి హన్మకొండ మీదుగా వరంగల్ పోయే రోడ్డు నడిమధ్య ఒక పలచని తారు పట్టీ, దానికి రెండు పక్కలా ఎర్రమొరం మట్టి పరిచిన వెడల్పాటి బాట, ఆ బాటకు అవతల చింతచెట్లూ వేపచెట్లూ ఉండేవి. తారు బస్సుది, మొరం సైకిలుది, చెట్టునీడ నడిచేవాళ్లది. ఈ పంపకం ఎవరు చేశారో తెలియదు గానీ అందరికీ తెలుసు. తారు ఖాళీగా ఉన్నంతసేపు సైకిళ్లు దాని మీదే సాగేవి. వెనక హారన్ వినబడగానే హాండిల్ కొద్దిగా తిప్పి, కాలు నేల మోపకుండానే మొరం మీదికి జారి, బస్సు దాటిపోయాక మళ్లీ పైకి వచ్చేవి. వరంగల్ బట్టల మిల్లు విడిచే వేళ ఆ సైకిళ్లన్నీ ఒక్కసారి పక్కకు ఒరిగితే, చెరువులో చేపల గుంపు తప్పుకున్నట్టుండేది.

ఆ గుంపులో ఒక్కతే ఆడమనిషి, మా అక్క. రైల్వేలో పనిచేసే నాన్న నేను బళ్లో ఉండగానే పోతే, టీచర్ ట్రైనింగ్ అయిన అక్క హన్మకొండలో చర్చివాళ్ల బడిలో చేరి, జీతంలో మిగిల్చి లేడీస్ సైకిలు కొన్నది. కాజీపేటలో మా వాడంతా వింతగా చూసింది. ఎదురింటి ముసలమ్మ అరుగు మీద నుంచి, "పంతులమ్మ సర్కస్ల కలుస్తాందా ఏంది?" అని ఎత్తిపొడిస్తే, అక్క తొక్కుతూనే, "టికెట్ కొనుక్కో అత్తా, ముంగట కూసోబెడ్త!" అని వెళ్లిపోయేది. ఆదివారం ప్రార్థనకు అమ్మ నడిచి వచ్చేది, నేను అక్క వెనక క్యారేజీ మీద కూర్చునేవాణ్ణి. నా డిప్లొమా చదువుకు ఫీజూ పుస్తకాలూ అన్నీ ఆ సైకిలు మీద తిరిగి సంపాదించినవే. ఆ మాట అక్క ఎన్నడూ అనలేదు, నేనే ఆలస్యంగా అనుకున్నాను.

ఎనభైలు మొదలైన కొత్తలో రోడ్ల పని చూసే ఆఫీసులో సూపర్వైజరుగా చేరాను. నాకు మొదటినుంచీ నిదానం లేదు. అన్నం కూడా నిలబడి తినే మనిషిని. కాజీపేటలో ఎక్కిన బస్సు ఎక్కడా బ్రేకు వేయకుండా వరంగల్ చేరాలన్నదే అప్పట్లో నా పిచ్చి. కాజీపేట, హన్మకొండల మధ్య మా ముక్క రోడ్డు వెడల్పు చేసే పని వచ్చినప్పుడు నేను గీసిన పటంలో, పాత తారు మీద కంకర పరిచి, దాని మీద కొత్త తారు వేసి, మొరం బాటలో సగం అందులో కలిపేశాను. మిగిలిన సగాన్ని కొత్త తారు ఎత్తుకు సమంగా నింపాలి. పటంలో అదీ గీశాను. కానీ మొరం బండ్లు రావడం ఆలస్యమైంది, వానలు దగ్గరపడ్డాయి, పైవాళ్లు రోడ్డు ఎప్పుడు తెరుస్తావని అడుగుతున్నారు. వాళ్లకన్నా నాకే తొందర. అంచులు వానలు పోయాక నింపుదాం, ముందు బస్సులు వదులుదామని చెప్పింది నేను. మా ఇంజనీరు నా ముఖం ఒకసారి చూసి సరే అన్నాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర అక్క అడిగింది. "తమ్మీ, తారు జానెడు ఎత్తు లేసింది. బస్సొస్తె మేమెట్ల దిగాల్రా?"

"జర ఓపిక పట్టక్కా, వానలు పోంగనె నింపుతం."

"వానలు పొయ్యేదాంక?"

"ఇంకెన్నొద్దులు తొక్కుతవే సైకిలు? బస్సులు మస్తుగ వస్తాయి, ఫికర్ చెయ్యకు."

అక్క నా కంచంలో ఇంకింత కూర వేసింది.

రోడ్డు తెరిచిన వారానికి నేను హన్మకొండ బస్సెక్కి డ్రైవరు పక్కన నిలబడ్డాను, నా పని నలుగురూ మెచ్చుకుంటుంటే వినాలని. ఎట్లుందన్నా రోడ్డు అంటే, "మస్కా లెక్క నున్నగ ఉంది సార్" అన్నాడు. అంతలో ముందు ఒక సైకిలు కనిపించింది. అంచును పట్టుకొని పోతోంది గానీ కిందికి దిగడం లేదు. డ్రైవరు హారన్ కొట్టి విసుక్కున్నాడు. "గీ సైకిలోళ్లు దిగరేంది సార్?"

"ఇంకోటి కొట్టన్నా, దిగుతరు" అన్నాను.

ఆ మాట అనేటప్పటికి ఆ చీరనూ, క్యారేజీకి కట్టిన పుస్తకాల సంచినీ గుర్తుపట్టానా లేదా అని ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. పట్టాననే అనుకుంటాను. అక్క పడలేదు. సైకిలు ఆపి, దిగి, వెనక బస్సు ఉరుముతుంటే, పిల్లను చంక దించినట్టు సైకిలును రెండు చేతులా ఎత్తి ఆ జానెడు కిందికి దించి, బురదలో నిలబడి తలెత్తింది. బస్సు ముందు అద్దంలోంచి నన్ను చూసింది. బస్సు ఆపమని ఒక్క మాట అంటే సరిపోయేది. పక్కన నా పనిని మెచ్చుకుంటున్న మనుషులున్నారు. నేను ఎటో చూశాను.

సాయంత్రం ఇంటికి వచ్చిన అక్క కాళ్లు కడుక్కుంటూ, "బస్సు మంచిగ ఉరుకుతాంది తమ్మీ" అన్నది. అందులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది. మర్నాడు సైకిలు వరండాలో గోడకు ఆనించి, బస్సుకు వెళ్లింది.

ఆ వానాకాలమంతా నాకు నిద్ర లేదు. అంచులు కాలువలై పారాయి. నడిచేవాళ్లు, కూరగాయల గంపలవాళ్లు, సైకిళ్లు, అందరూ తారు మీదికే ఎక్కారు. ఏ బస్సు కోసం ఇదంతా చేశానో ఆ బస్సే వాళ్ల వెనక హారన్ కొట్టుకుంటూ పాత రోడ్డు మీదకన్నా మెల్లగా పోయింది. పొద్దునా సాయంత్రం గొడుగేసుకొని ఆ ముక్క వెంట అటూ ఇటూ తిరిగేవాణ్ణి, తిరిగితే అంచు పూడుతుందన్నట్టు. వానలు తగ్గుముఖం పట్టగానే మొరం తెప్పించి, దగ్గరుండి నీళ్లు చల్లించి, రోలర్ తొక్కించి, తారుకు సమంగా నింపించాను. ఆ సాయంత్రమే సైకిలుకు గాలి కొట్టించి, చైనుకు నూనె పోసి, అక్క ముందు నిలబెట్టి, ఇప్పుడు తొక్కవచ్చన్నాను.

అక్క సీటు మీద చెయ్యి వేసి నిమిరింది. "ఇగ వద్దులే తమ్మీ. భయం నేర్సుకున్న. నేర్సుకున్నది మర్వనికి రాదు."

ఆమె మళ్లీ తొక్కలేదు. పిల్లల నోటుపుస్తకాలు ఒళ్లో పెట్టుకొని, కిక్కిరిసిన బస్సుల కోసం ఎండలో నిలబడి, రిటైరయ్యేదాకా అట్లాగే వెళ్లింది. క్షమించమని అడగడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. అడిగితే, "ఎప్పటిదిరా అది" అని మాట మార్చింది.

మొన్న ఆ సైకిలు బొమ్మ చూసి వచ్చాక మనసు ఆగక కాజీపేట వెళ్లి అక్కకు చెప్పాను. ఎనభైకి దగ్గరైన మనిషి, కళ్లు మసకబారినా తలుపు దగ్గర కుర్చీ వేసుకొని రోడ్డు చప్పుడు వింటూ కూర్చుంటుంది. సైకిళ్లకని వేరే దారి గీశారంటే ఒకటే అడిగింది. "అంచు ఉందా?"

లేదక్కా, కాలితో చూసిన, సమంగనే ఉందన్నాను.

"మంచిగ చేసిండ్లు." రోడ్డు వైపు చెవి తిప్పి, "ఎవలన్న తొక్కుతాండ్లా మరి?" అన్నది.

కారు సంగతి చెప్పలేకపోయాను. మా రోజుల్లో గీత లేదు, బొమ్మ లేదు, చెట్ల కింద ఎర్రమట్టి మాత్రమే ఉండేది, దాని మీద అక్క ఉండేది. ఇప్పుడు గీత ఉంది. బడులు విడిచే వేళకు నేను రోజూ అక్కడికి వెళ్లి అటూ ఇటూ తచ్చాడుతున్నాను, ఏ పంతులమ్మ అయినా వెనక పుస్తకాల సంచి కట్టుకొని దాని మీద వస్తుందేమోనని, వస్తే పరుగున పోయి అక్కకు చెప్పాలని.