అచ్చులో పోగుల కొసలు

అమ్మకు కంట్లో పొర తీయించడానికి ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి, నా దగ్గరికి తెచ్చుకున్నాను. నెలరోజులు మగ్గం మీద కూర్చోవద్దన్నారు. ఆ నెలలో ఆమెను సంతోషపెడదామని నేను చేసిన ఘనకార్యం ఇది.

నాన్న నేసిన గుంతమగ్గంలో ఆయన నాటి కట్టె ఒక్కటీ మిగల్లేదు. ఆయన పోయిన పదేళ్లలో గుంజలు చెదలు తిని, తొక్కుడు కట్టెలు అరిగి, అమ్మ అన్నీ ఒక్కొక్కటే మార్పించింది. పాతవి అటక మీద దాచింది. "నాయన మగ్గం అటక మీదుంది, కింద ఉండేది వేరే ఎవరిదో" అని ఎగతాళి చేసేవాణ్ణి. నవ్వి ఊరుకునేది.

అమ్మ ఆదోనిలో ఉండగా, ఒక ఆదివారం వడ్రంగిని ఎమ్మిగనూరు ఇంటికి పిలుచుకుపోయి, ఆ పాత కట్టెలు బాగు చేయించి మళ్లీ బిగించాను. పోగులు దూరే అచ్చుకు జానెడు నూలు కొసలు వేలాడుతుంటే, అడ్డమని పీకి చెత్తలో వేశాను.

నెల నిండాక అమ్మ ఇంటికి తిరిగొచ్చి గుంజ తడిమింది. "మీ నాయన ఈడే ఆనుకుంటాండె" అని మురిసిపోయింది. తర్వాత చేయి అచ్చు మీదికి పోయింది.

"పోగులు యాడప్పా?"

"పాతవి కదమ్మా, పారేసినా."

గుంత గట్టు మీద కూలబడింది.

గుడ్డ కోసుకున్నాక అచ్చులో కొసలు వదిలేస్తారు మావాళ్లు. కొత్త పడుగు పోగులను, అంటే నిలువు దారాలను, వేలికి బూడిద అద్దుకుని, ఒక్కొక్కటే ఆ కొసలకు మెలిపెట్టి అతుకుతారు. ఆ ఇంట పుట్టిన నాకిది తెలియక కాదు. బడిలో పాఠాలు చెప్పీ చెప్పీ, చదవేస్తే ఉన్న మతి పోయినవాణ్ణి.

"మీ నాయన పోకముందు అతికిన పడుగు నేను నేసినా. దాని కొసలకే ఇంగోటి అతికినా, దానికి ఇంగోటి. ఈ పదేండ్లూ ఆయప్ప అతుకుకే అతుకుతా వచ్చినా" అంది.

"ఆ నూలు ఎప్పుడో చీరలై పోయింది కదమ్మా! నేను పారేసినవి నువ్వు మొన్న కొన్న పోగులే."

"మొన్నటివే లేప్పా. తెగకుండా వచ్చినాయి గదా."

వెతికి తెద్దామన్నా, చెత్తలో వేసి వారాలు దాటిపోయాయి. ఆ రోజు ఏడ్చినంత నాన్న పోయినప్పుడు కూడా నేను ఏడవలేదు.

అమ్మ నన్నొక్క మాట అనలేదు. పక్కింటామెను తోడు పెట్టుకుని, అచ్చులో కొత్త పోగులు మొదటినుంచీ ఎక్కించుకుంది. నాలుగు రోజులు పట్టింది. ఇప్పుడు నేస్తోంది.

మొన్న నేనక్కడుండగా, నూలు తెచ్చిన కొత్తాయన "పాతకాలం మగ్గం మాదిరుందే, ఎవరిదవ్వా?" అన్నాడు.

"మా కొడుకు పెట్టిచ్చినాడప్పా, ఈ నడుమే" అంది అమ్మ. నిష్ఠూరంగా కాదు, ఉన్న మాట చెప్పినట్టే. నాన్న తాకిన కట్టెలన్నీ ఆ గుంత చుట్టూనే ఉన్నాయి.