కూతుర్ని చూడటానికి మేచీ వంతెన దాటాను

మా పాప ఎస్తేరు సరిహద్దు దళంలో కానిస్టేబులు. పశ్చిమ బెంగాల్‌లో పానీటంకి అనే ఊరి దగ్గర మేచీ నది మీద ఒక వంతెన ఉంది. ఇవతలి ఒడ్డు మనది, అవతలి ఒడ్డు నేపాల్‌ది. అవతల నుంచి వచ్చే ఆడవాళ్లను తనిఖీ చేయడం దాని పని. ఇంటికొచ్చి పద్నాలుగు నెలలైంది. దసరా అయ్యాక నాలుగు రోజులు సెలవు దొరుకుతుందంటే, నేనే వస్తానని టికెట్లు తీసుకున్నాను. బయలుదేరడానికి ఐదు రోజుల ముందు ఫోన్ చేసింది. పండగకు నేపాల్ పోయినవాళ్లంతా ఒక్కసారిగా తిరిగి పనులకు వస్తున్నారట. వంతెన దిగే చోట రోడ్డు వెడల్పు చేసే పని కూడా జరుగుతోందట. అందరి సెలవులూ రద్దు. క్యాంపులోకి బయటివాళ్లను రానివ్వరు, డ్యూటీ అయ్యాక బండిలో నేరుగా క్యాంపుకే తీసుకుపోతారు.

"టికెట్లు క్యాన్సిల్ చేయ్ మా. వచ్చినా నన్ను చూసేకి కాదు" అంది.

"వంతెన దాటొచ్చే ఆడోళ్లనంతా చూసేది నువ్వే కదా పాపా. నేనూ దాటి వస్తా" అన్నాను.

ఆ మాట వదిలేసి నడుము ఎలా ఉందని అడిగింది. తగ్గిపోయిందన్నాను. అది అబద్ధం. ఎండాకాలంలో బియ్యం మూట జరపబోయి నడుము పట్టేసింది. నంద్యాల డాక్టరు రేకులున్న బెల్టు ఇచ్చాడు. ఎక్కువసేపు నిలబడాలన్నా, కూర్చోవాలన్నా అది లేకుండా కుదరదు.

మా ఆయన రుద్రవరంలో మొక్కజొన్న కోతలు వదిలి రాలేక, ఆళ్లగడ్డ బస్టాండులో నన్ను ఒక్కదాన్నే ఎక్కించాడు. నంద్యాలకు గంట ప్రయాణం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ లేదు. నంద్యాల నుంచి రైల్లో విజయవాడ, అక్కడ సాయంత్రం బండి ఎక్కితే రెండు రాత్రులు గడిచి న్యూ జల్పాయిగురి. థర్డ్ ఏసీ రెండు వేల చిల్లర అయింది. నడుము నొప్పి ఉన్నవాళ్లు డబ్బు చూసుకోకుండా కింది బెర్తు తీసుకోండి. తినడానికి ఎండు జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి పెట్టుకున్నాను. పాపకు ఒక డబ్బా నిప్పట్లు. స్టేషన్ నుంచి సిలిగురి బస్టాండుకు ఆటో, అక్కడి నుంచి నక్సల్బరి మీదుగా పానీటంకికి బస్సు. అంతా కలిపి రెండు గంటలు, వంద రూపాయల లోపే. టాక్సీవాళ్లు పదిహేను వందలు అడిగారు.

లాడ్జిలో సామాను పెట్టి, ఓటరు కార్డు ఒక్కటి పట్టుకుని టోటో ఎక్కాను. అక్కడ బ్యాటరీ రిక్షాను టోటో అంటారు. తోలే ఆయన నా వయసువాడే. ఒక్కదాన్నే అవతలికి ఎందుకు పోతున్నానని హిందీలో అడిగాడు. కూతురుంది అన్నాను. నేపాల్లో పెళ్లి చేసి ఇచ్చారా అన్నాడు. లేదు, ఇవతలి ఒడ్డునే డ్యూటీ చేస్తుంది అని నాకొచ్చిన హిందీలో చెప్పాను. ఆయన బండి నెమ్మది చేసి వెనక్కి తిరిగి చూశాడు. కూతురు ఇవతల ఉంటే అవతలికి ఎందుకమ్మా అన్నాడు. అటు నుంచి వచ్చేవాళ్లనే కదా తనిఖీ చేసేది అనేసరికి ఒకటే నవ్వు. ఆ నవ్వుతోనే అవతలి ఒడ్డున ఉన్న కాకర్‌భిట్టా ఊళ్లో దింపి, అడిగినదాంట్లో పది రూపాయలు తగ్గించుకున్నాడు. అక్కడి గడియారాలు మనకంటే పావుగంట ముందు నడుస్తాయి. టీ తాగి వెనక్కి తిరిగాను.

వంతెన కొత్తది, వెడల్పుగా ఉంది. చిక్కంతా దిగే చోటే. రోడ్డు సగం తవ్వి పెట్టారు. మిగిలిన సగంలోనే లారీలను ఒక పక్క ఆపి, ఈల వేసినప్పుడు పది చిన్న బండ్లను, మళ్లీ ఈల వేసినప్పుడు నాలుగు లారీలను వదులుతున్నారు. నడిచొచ్చే మగవాళ్లకు మూడు వరసలు. ఆడవాళ్లకు ఒక్కటే వరస, చివర పచ్చ తెర కట్టిన చిన్న గది. పది గంటల పది నిమిషాలకు వరసలో నిలబడ్డాను. మనిషి మారినప్పుడల్లా తెర కదిలేది. అప్పుడొక టోపీ, ఒక చెయ్యి కనబడేవి. ఆ చెయ్యి మా పాపదని దూరం నుంచే తెలిసింది.

పదకొండుకు లోపలికి పోయాను. "చేతులెత్తు మా" అంది. భుజాలు, చంకలు, వీపు తడుముతూ వచ్చిన చేతులు నడుము దగ్గర ఆగిపోయాయి.

"ఏందిది?"

"బెల్టు."

"తగ్గిందంటివే."

రేకులున్న వస్తువు విప్పి చూడాల్సిందేనట. విప్పింది, అటూ ఇటూ తిప్పి వంచి చూసింది, మళ్లీ తనే చుట్టింది. "ఇంత పైకి కట్టుకుంటే ఏం లాభం? ఎంతసేపు నిలబడుకోని ఉండావ్?" అంది. యాభై నిమిషాలన్నాను. "రేపు రావద్దు. వచ్చినా నేను చూడను" అని తెర తీసి తర్వాతి ఆమెను పిలిచింది. బయటికొచ్చి రోడ్డు దాటాక గుర్తొచ్చింది. తల దించుకుని బెల్టునే చూస్తూ నిలబడ్డాను కానీ, పాప ముఖం సరిగా చూడనేలేదు.

సాయంత్రం ఆరున్నరకు ఫోన్ చేసి బాగా తిట్టింది. తిట్టనిచ్చి, వరసలో నేను గమనించింది చెప్పాను. నా ముందు ముప్పై ఎనిమిది మంది ఉన్నారు. మూటలు ఉన్నవాళ్లు పద్నాలుగు మందే, కానీ ఒక్కొక్కరికి మూడు నిమిషాలు పట్టింది. వట్టి చేతులతో వచ్చినవాళ్లకు పావు నిమిషం చాలింది. వాళ్లంతా ఆ మూటల వెనకే నిలబడ్డారు. మా చర్చి సభల్లో భోజనాలు పెట్టేటప్పుడు, ఇంటికి గిన్నెల్లో పట్టుకుపోయేవాళ్లకు వేరే వరస పెడతాం. లేకపోతే ఆకుల్లో తినేవాళ్లు ఎండలో నిలబడాలి. ఆ వడ్డన నేను చూసుకోబట్టి పన్నెండేళ్లు. ఇది మీ సారుకు చెప్పు అన్నాను.

"పప్పన్నానికీ వంతెనకూ ఏం సంబంధం మా" అని నవ్వింది. తర్వాత, తాళ్లు, బోర్డులు పడేసే టేబుల్ ఒకటి ఖాళీ చేస్తే అవుతుందేమో అడుగుతా అంది.

మరుసటి రోజూ పోయాను, చెప్పకుండానే. అదే టోటో ఆయన, అదే టీ కొట్టు. వంతెన దిగేసరికి ఆడవాళ్లకు రెండు తాళ్లు కట్టి ఉన్నాయి. మూటలు ఉన్నవాళ్లు టేబుల్ వైపు, అక్కడ ఇంకో అమ్మాయి. వట్టి చేతులవాళ్లు పచ్చ తెర వైపు, అక్కడ మా పాప. ఇంకా పది నిమిషాలైనా కాకముందే నా ముందు ఇద్దరే మిగిలారు. యాభై నిమిషాలు దూరం నుంచైనా చూసుకోవచ్చని వచ్చినదాన్ని. ఏం చేయాలో తోచక, చంకలో బిడ్డ ఉన్నామెను ముందుకు పొమ్మన్నాను. తర్వాత ఇద్దరు ముసలమ్మలను, ఆపైన వచ్చిన ప్రతి ఒక్కరినీ పంపాను. తెర పక్కకు జరిగింది. ఆ నీలం చీరామె ఎందుకు నిలబడింది, పంపండి అని పాప గొంతు హిందీలో వినబడింది. లోపలికి పోయాను.

"నువ్వే చెప్తివి, నువ్వే వరస ఆపుతాండావ్. ఏందిమా ఇది?"

"నిన్న నీ ముఖం చూడలేదు పాపా."

తెర సందులోంచి బయటికి చూసింది. నేను అందరినీ ముందు పంపేయడంతో వెనక ఎవరూ లేరు. టోపీ తీసి చేతిలో పట్టుకుంది. "చూడు" అంది.

టోపీ అంచు దగ్గర నుదుటి మీద గీత. గీతకు పైన మా పాప రంగు, కింద ఎండ రంగు. ఫోన్లో కనబడినంత చిక్కలేదు. ఎడమ చెవి కమ్మ వంకరగా ఉంటే సరిచేశాను. ఒక నిమిషం ఉంటుందేమో. బయట చెప్పుల చప్పుడు వినగానే టోపీ పెట్టుకుంది. చేతులెత్తమంది, ఎత్తాను. నడుము దగ్గరికొచ్చి బెల్టు రెండు వేళ్లు కిందికి లాగి, బిగించి, "ఈడ కట్టుకోవాల. మెల్లగా పో మా" అంది.

ఆ సాయంత్రమే తిరుగు రైలెక్కాను. నిప్పట్ల డబ్బా లాడ్జి ఆమె చేత క్యాంపు బండికి అందించాను. మొత్తం ఆరు రోజుల ప్రయాణం. కూతురి దగ్గర ఉన్నది రెండు రోజులవీ కలిపి నాలుగు నిమిషాలు. ఇంత దూరం పోయి అంతేనా అని ఇరుగుపొరుగు అడిగారు. వరస తగ్గకపోయి ఉంటే ఆ ఒక్క నిమిషం కూడా దొరికేది కాదు. ఆ తాళ్లు ఇంకా అలాగే ఉన్నాయని, మూటల వైపు రెండో టేబుల్ కూడా వేశారని మొన్న ఫోన్లో చెప్పింది. రోడ్డు పని పూర్తయితే ఆడవాళ్లకు నాలుగు గదులు వస్తాయట.

మీరు అటు వెళ్లేటట్లయితే ఒక్క మాట. నడుముకో మోకాలికో బెల్టు ఉంటే, తనిఖీ చేసే అమ్మాయికి ముందే చెప్పండి. నాలాగా దాచుకుని పోకండి, ఆ చేతులకు ఎలాగూ తెలిసిపోతుంది.