రత్నమ్మగారి శరత్కాలపు పందెం

మొన్న భద్రాచలంలో, పుస్తకాలు కుట్టే అతని కొట్టు ముందు కాసేపు ఊరికే నిలబడిపోయాను. అతను కిరసనాయిలు పొయ్యి మీద మైదా జిగురు ఉడికిస్తున్నాడు. చెదలు పట్టకుండా అందులో కొంచెం మైలుతుత్తం కలిపాడు. ఆవిరి నా ముఖానికి తగిలింది. అలవాటు లేనివాళ్ళకు ఆ వాసన బాగుండదు. "ఏం కావాలమ్మా?" అని అతను మళ్ళీ అడిగాక గాని సంచిలోంచి అట్ట ఊడిన పుస్తకం తీసి ఇవ్వలేకపోయాను. వానలు వెళ్ళిపోగానే రత్నమ్మగారి గది ఇలాగే వాసన వేసేది. నాలుగు నెలల తేమకు ఉబ్బిన పుస్తకాలను ఆమె చాప మీద ఎండబెట్టి, చెదలు తిన్నవాటికి కొత్త అట్టలు వేసేవారు.

ఆమెను ఎరిగినవాళ్ళు ఇప్పుడు దాదాపు ఎవరూ లేరు. అందుకే మొదటినుంచీ చెబుతాను. బస్తర్ ఇంకా రాజుగారి సంస్థానంగా ఉన్న రోజులవి. మాది భోపాలపట్నం. బడిలో హిందీ, కచేరీలో హిందీ, వారపు అంగడిలో దోర్లీ, గోండీ, ఇంట్లో తెలుగు. తెలుగు మా నోటిలో ఉండేది గాని కంటికి ఆనేది కాదు. దాన్ని చదవడం నేర్పే చోటు లేదు. రత్నమ్మగారి భర్త సర్కారు దవాఖానాలో కాంపౌండరు. వాళ్ళు గోదావరి జిల్లా నుంచి వచ్చారు. ఆయన పోయాక తమ్ముళ్ళు బండి కట్టుకుని వచ్చి రమ్మన్నా ఆమె వెళ్ళలేదు. దవాఖానా పక్కన ఖాళీగా పడి ఉన్న గదిని తహసీల్దారుని అడిగి తీసుకున్నారు. భర్త కొనిపెట్టిన తెలుగు పుస్తకాలన్నీ అందులో సర్ది, ఊరందరికీ గ్రంథాలయం అన్నారు.

ఆమె మంచిది అని ఒక్క మాటలో తేల్చేస్తే సరిపోదు. నశ్యం పీల్చేవారు. కోపం ఎక్కువ. వేలు తడి చేసుకుని పేజీ తిప్పేవాళ్ళను "అది విస్తరాకు కాదు నాయనా" అని అందరిలో అనేవారు. తప్పు కనిపిస్తే అక్కడికక్కడే చెప్పకపోతే ఆమెకు అన్నం సహించేది కాదు. నేను ఆమె ఇంట్లో వడ్లు దంచేదాన్ని. నా దంపుడుకీ వంక పెట్టేవారు, నూకలు ఎక్కువని. అయినా పని ముగిశాక నన్ను కూర్చోబెట్టి, తన గ్లాసులాంటి గ్లాసులోనే టీ పోసి ఇచ్చేవారు. ఆ ఊళ్ళో నాకు అలా ఇచ్చినవాళ్ళు ఇంకొకరు లేరు.

పందెం ఆమె ఆలోచనే. దసరా రథం లాగడానికి జగదల్‌పూర్ వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చాక, వరి కోతలు మొదలయ్యేలోపు, మా వైపు పెద్దవాళ్ళకు కాస్త తీరిక ఉంటుంది. ఆ శరత్కాలంలో ఎవరు ఎక్కువ పుస్తకాలు చదివితే వాళ్ళు, గ్రంథాలయానికి ఆ ఏడు తెప్పించబోయే కొత్త పుస్తకం ఏదో చెప్పవచ్చు. కానీ చదివానంటే చాలదు. చదివిన మనిషి ఆ పుస్తకాన్ని అక్షరం రాని ఒకరికి వినిపించాలి. విన్న మనిషి అంగడి రోజున గ్రంథాలయం వసారాలో నిలబడి, తన భాషలో ఆ కథ చెప్పాలి. అప్పుడే అది చదివినట్టు లెక్క. "నీకు అర్థమైందని నువ్వు చెబితే నేను నమ్మను. నీ దగ్గర విన్నవాడికి అర్థమైతే నమ్ముతాను" అనేవారు ఆమె. కచేరీ గుమాస్తాలు తమ బండివాళ్ళను, దుకాణం వీరయ్య తన మూటలు మోసేవాణ్ణి వెంటబెట్టుకొచ్చేవారు. ఒకే కథ గోండీలో ఒకలా, దోర్లీలో ఒకలా నడిచేది. మద్దేడ్ ఊరి నుంచి అంగడికి వచ్చినవాళ్ళు గంపలు దించుకుని, ఎండ తిరిగేదాకా అక్కడే కూర్చునేవారు.

మా ఆయన మల్లయ్య అడవి నాకాలో జవాను. వెదురు బండ్లు ఆపి చూసి పంపడం ఆయన పని. బడికి వెళ్ళినవాడు, ఖాకీ చొక్కా వేసుకునేవాడు. ఊళ్ళో చదువుకున్న మనిషికింద లెక్క. ఒక ఏడు ఆయన కూడా పందెంలో చేరాడు. అట్ట మీద పడవ, పడవలో ఒక ఆడమనిషి బొమ్మ ఉన్న పుస్తకం తెచ్చాడు. వినే మనిషిని నేనే.

పొద్దు వాలే వేళ వాకిట్లో కూర్చుని చదివేవాడు. నేను చేట పట్టుకుని ఎదురుగా కూర్చునేదాన్ని. అంతకుముందు ఎవరూ నాకు పుస్తకం చదివి వినిపించలేదు. కథ మంచి పట్టులో ఉండగా ఆయన ఆగిపోయేవాడు.

"తర్వాత ఏమైంది?"

"ఆగవే, పేజీ తిప్పనీ."

తిప్పేవాడు, కళ్ళు చిట్లించి చూసేవాడు, మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఆ కథలో ఒక పడవాయన ఉండేవాడు. వరద రోజున పెళ్ళివాళ్ళను ఏరు దాటించడానికి ఒప్పుకుంటాడు. దంచేటప్పుడూ, నీళ్ళు తెచ్చేటప్పుడూ నాకు ఆ పడవే కళ్ళముందు ఆడేది. మా ఆయన మీద అంత గర్వం నాకు పెళ్ళినాడు కూడా లేదు.

అంగడి రోజు వచ్చింది. వసారా నిండిపోయింది. నేను కొంగు నడుముకు దోపుకుని నిలబడ్డాను. పడవ నది నడుమకు వచ్చేసరికి భయం పోయింది.

"వరద పెరిగింది. పడవ మునిగేటట్టు ఉన్నది. పడవాయన అన్నడు, ఒక్కరు దిగితే గాని ఇది గట్టుకు చేరదు, ఎవరు దిగుతరో మీరే చెప్పుండ్రి అని."

మద్దేడ్ ముసలామె ఒకతె గట్టిగా అంది. "పెండ్లికొడుకును దింపుండ్రి. ఇంకొకడు దొరకడా ఏంది!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వెనక గోడకు ఆనుకుని నిలబడిన మా ఆయన కూడా నవ్వాడు. అంత మంది ముందు ఆయన అలా నవ్వడం నేను చూసింది అదే చివరిసారి.

"ఆగు సమ్మక్కా" అన్నారు రత్నమ్మగారు. నశ్యం డబ్బీ మూసి పక్కన పెట్టారు. "ఇది ఈ పుస్తకంలోని కథ కాదు. ఇందులో పడవ అట్ట మీద తప్ప ఇంకెక్కడా లేదు. మల్లయ్యా, ఇది నువ్వు చదవలేదు."

"చదివిన అమ్మగారూ" అన్నాడు ఆయన.

ఆమె పుస్తకం తెరిచి ఆయన చేతికిచ్చారు. "అయితే ఈ ఒక్క వాక్యం చదువు."

ఆయన చూశాడు. పెదవులు కదిలాయి. బడిలో ఆయన నేర్చుకున్నది హిందీ అక్షరాలు. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. అది తప్పేమీ కాదు, మా ఊళ్ళో సగం మంది సంగతి అదే. కానీ తెలుగువాణ్ణయ్యుండి నాకు తెలుగు చదవడం రాదని చెప్పుకోలేక, ఆయన అట్ట మీది బొమ్మ చూసి నాకోసం ఒక కథ అల్లాడు. అది ఆ క్షణంలో అందరికీ తెలిసిపోయింది.

"తలకిందులు పట్టుకున్నవా ఏంది మల్లయ్యా?" అన్నాడు దుకాణం వీరయ్య. ఈసారి నవ్వు వేరేగా ఉంది.

అప్పుడు నేను చేసిన పని చెప్పాలి. నేను ఆయన వైపు చూడలేదు. రత్నమ్మగారి వైపు తిరిగి, "మరి పుస్తకంల నిజంగ ఏమున్నదమ్మా?" అని అడిగాను. తెలుసుకోవాలని నోట్లోంచి వచ్చేసింది. ఆయన పుస్తకాన్ని మూసి, బల్ల మీద జాగ్రత్తగా పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఇంటికి వెళ్ళేసరికి పశువులకు గడ్డి వేస్తున్నాడు. వేయడం ఆపకుండానే ఒక్క మాట అన్నాడు. "వాళ్ళు నవ్విండ్రు, సరే. నువ్వెందుకు అడిగినవ్?"

ఆ వారం నుంచి నాకాలో వెదురు బండ్లవాళ్ళు ఆయన్ని పడవ మల్లయ్య అని పిలవడం మొదలుపెట్టారు. "మల్లయ్య సాబ్, పడవ ఒడ్డుకు చేరిందా?" అనేవారు. ఆయన వినపడనట్టు ఉండేవాడు. కోతలు కాకముందే దరఖాస్తు పెట్టుకుని మద్దేడ్ నాకాకు మారిపోయాడు. అంగడి రోజుల్లో మాత్రం ఇంటికి వచ్చేవాడు.

అలా వచ్చిన ఒక రోజు రత్నమ్మగారు మా వాకిట్లోకి వచ్చారు. ఆమె మా ఇంటికి రావడం అదే మొదలు. నేను పీట వేస్తే, కూర్చోకుండా నిలబడే మాట్లాడారు.

"మల్లయ్యా, నాకు హిందీ అక్షరం ముక్క రాదు. కచేరీ నుంచి వచ్చిన ప్రతి కాగితం ఎవరి కాళ్ళో పట్టుకుని చదివించుకుంటున్నాను. నువ్వు నేర్పాలి."

"నాకేం వస్తది అమ్మగారూ" అన్నాడు ఆయన, తలెత్తకుండా.

"వస్తుంది. మొదలుపెట్టు."

ఎందుకు ఒప్పుకున్నాడో నాకు తెలియదు. పెద్దమనిషికి కాదనలేకనే అనుకుంటాను. బొగ్గుముక్కతో గోడ మీద రాసేవాడు. ఆమె వేలు పెట్టి చిన్నపిల్లలా పలికేవారు. తప్పు పలికితే ఆయన దిద్దేవాడు కాదు, మళ్ళీ రాసేవాడు. క్షమించమని ఆమె అడగలేదు. ఆమెకు అలా అడగడం చేతకాదు.

కొన్ని అంగళ్ళు గడిచాక ఆమె వసారాలో నిలబడి హిందీ వాచకం చదివారు. ప్రతి మాట దగ్గరా తట్టుకున్నారు. పిల్లల పాఠం అది. "మా అమ్మాయి ఇంతకంటే మంచిగ చదువుతది" అన్నాడు వీరయ్య. జనం నవ్వారు. చెవులు ఎర్రబడినా ఆమె ఆపకుండా పాఠం చివరిదాకా చదివి, "ఇది నాకు మల్లయ్య నేర్పాడు" అని అందరికీ వినపడేలా చెప్పారు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లెక్క సరిపోయిందనుకున్నాను. పరుగున ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పాను.

ఆయన ముఖం ముడుచుకుపోయింది. "అందరు మరిచిపోతున్నరు అనుకుంటున్న. మళ్ళ నన్ను వాళ్ళ నోట్ల పెట్టింది" అన్నాడు. ఆ తర్వాత ఆమె వస్తే దొడ్డి దారిన వెళ్ళిపోయేవాడు.

నేను ఆ మాట ఆమెకు దాచకుండా చెప్పాను. ఆమె అట్ట అతికిస్తున్నారు. చేతులు ఆగిపోయాయి. జిగురు గట్టిపడిపోయేదాకా అలాగే కూర్చున్నారు. "అవును కదే" అన్నారు చివరికి. "అక్కడ నవ్వులపాలయ్యింది నేనే అనుకున్నాను. చూడగా అది కూడా నా గొప్పే అయిపోయింది. అతన్ని అడగనైనా లేదు."

మరుసటి ఏడు పందెం పెట్టారు గాని వసారాలో కథలు చెప్పించలేదు. విన్నవాళ్ళు లోపలి గదిలో ఆమె ఒక్కరికే చెప్పాలి. కథ తేడాగా ఉంటే, చదివినవాళ్ళతో తర్వాత విడిగా మాట్లాడేవారు. ఏం మాట్లాడేవారో ఎవరికీ తెలిసేది కాదు. కానీ అంగడికి వచ్చినవాళ్ళకు వినడానికి ఏమీ మిగల్లేదు. మద్దేడ్ ముసలామె వచ్చి, "కథలు బందు పెట్టిండ్రా ఏంది?" అని అడిగి వెళ్ళిపోయింది. ఒక్కో శరత్తుకు మనుషులు తగ్గారు. వసారా మళ్ళీ తెరవమని గుమాస్తాలు ఎన్నిసార్లు అడిగినా ఆమె ఒప్పుకోలేదు. ఊరంతా సంతోషపడే చోటును ఒక మనిషి కోసం మూసేశారు. అది సరైన పనేనా అని నాకు అప్పుడూ సందేహమే, ఇప్పుడూ సందేహమే. ఆమెకూ ఉండేదనుకుంటాను.

మా ఆయన మద్దేడ్‌లో ఉండేవాడు కాబట్టి నాకు మధ్యాహ్నాలు ఖాళీ. దంపుడు అయ్యాక రత్నమ్మగారు నాకు తెలుగు అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టారు. నాతో కూడా మునుపటిలా లేరు. తప్పు చదివితే వెంటనే పట్టుకునేవారు కాదు. "ఇంకోసారి చూడు" అని కిటికీలోంచి బయటికి చూసేవారు. ఆ ఓర్పు ఆమె స్వభావం కాదు. ఎక్కడ నేర్చుకున్నారో నాకు తెలుసు. వసారాలో నేను అడిగిన ప్రశ్నకు జవాబు కొన్నాళ్ళకు నేనే చదివి తెలుసుకున్నాను. ఆ పుస్తకంలో ఉన్నది ఆస్తి కోసం కోర్టుకెక్కిన అన్నదమ్ముల కథ. మా ఆయన చెప్పినదే బాగుంది. ఆ మాట ఆయనకు చెప్పలేకపోయాను. చెబితే నాకు చదవడం వచ్చిందని తెలుస్తుంది.

తర్వాత ఆయన మా ఊరి నాకాకే తిరిగి వచ్చాడు. నేను దొడ్లో చింత మొద్దు మీద కూర్చుని చదివేదాన్ని. పొద్దు వాలి ఆయన డ్యూటీ నుంచి వచ్చే వేళకు పుస్తకం బియ్యం కుండ వెనక పెట్టేసేదాన్ని. కొన్నేళ్ళు ఆయనకు తెలియదనే అనుకున్నాను. ఆయన ఇంటికి వచ్చేటప్పుడు దడి దగ్గర ఆగి గట్టిగా దగ్గేవాడు. కాసేపు ఆగి లోపలికి వచ్చేవాడు. దుమ్ములో పనిచేసే మనిషికి దగ్గు ఉంటుందిలే అనుకున్నాను. ఒకరోజు పొరుగింటికి వెళ్ళి వస్తూ, ముందు నడుస్తున్న ఆయన్ని చూశాను. దారిపొడవునా ఆయనకు దగ్గు లేదు. దడి దగ్గరే వచ్చింది. ఇంట్లో నేను లేనని ఆయనకు తెలియదు. దగ్గి, నేను పుస్తకం దాచుకునేంత సేపు, తల వంచుకుని బయటే నిలబడ్డాడు.

అది రత్నమ్మగారికి చెప్పాను. అప్పటికి ఆమె మంచం పట్టారు. "నువ్వు చూసినట్టు అతనికి చెప్పకు" అన్నారు. గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఆ వానాకాలంలోనే పోయారు. దారులు మూసుకుపోయి తమ్ముళ్ళు రాలేకపోయారు. మా ఆయన వానలో తడుస్తూ వచ్చి పాడె పట్టాడు. గ్రంథాలయం వసారా మాత్రం ఎక్కలేదు.

ఆమె చెప్పినట్టే నేను ఆయనకు చెప్పలేదు. ఆయన పోయేదాకా అలాగే గడిచింది. ఆ తర్వాత చాలా పుస్తకాలు చదివాను. చదవడం వల్ల నాకు కలిగిన మేలు అంతా ఇంతా కాదు. అది నాకు ఆయన తలవంపు వల్ల దొరికింది. ఈ సంగతి ఏ పుస్తకం తెరిచినా నాతో ఉంటుంది. రత్నమ్మగారి మీద నాకున్న ప్రేమ కూడా సిగ్గు కలవకుండా ఎన్నడూ లేదు. ఇప్పుడు ఇంట్లో నేను ఒక్కదాన్నే. వెలుగు ఉన్నంతసేపూ చదువుకోవచ్చు, అడిగేవాళ్ళు లేరు. అయినా పొద్దు వాలేసరికి చెయ్యి దానంతటదే పుస్తకం మూస్తుంది. మూసి, దడి వైపు చూస్తూ కాసేపు కూర్చుంటాను.